మంత్రగత్తెను ముందే చూపించిన సినిమా: ‘ద విచ్’లో భయం ఎక్కడ పుడుతుంది?

భయానక చిత్రాలు తీసేవారు చాలాకాలంగా పాటిస్తున్న నియమం ఒకటుంది. భయపెట్టే రూపాన్ని వీలైనంత ఆలస్యంగా చూపించాలి. చూపించిన క్షణం నుంచి ప్రేక్షకుడి ఊహకు పని తగ్గుతుంది, ఊహతో పాటే భయమూ పలచబడుతుంది. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఎగర్స్ తన తొలి చిత్రం ‘ద విచ్’లో ఈ నియమాన్ని మొదటి పావుగంటలోపే పక్కన పెట్టేశాడు. అడవి అంచున ఒక పసివాడు మాయమవుతాడు. ఆ వెంటనే ఎర్రని వస్త్రం కప్పుకున్న ఆకారం ఒకటి ఆ బిడ్డను ఎత్తుకుని చెట్ల మధ్య నుంచి వెళ్లిపోవడం, ఆపైన చీకటి గుడిసెలో ముడతలు పడ్డ చేతులు, కత్తి, రోకలి కనిపిస్తాయి. బిడ్డకు ఏమైందన్న ప్రశ్న అక్కడితో తీరిపోయింది. మంత్రగత్తె నిజంగానే ఉంది, ఏం చేసిందో కూడా తెలిసిపోయింది. అయినా ఆ తర్వాత గంటకు పైగా సాగే కథలో భయం తగ్గకపోగా అంతకంతకూ బిగుసుకుంటుంది. అది ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడ పరిశీలిస్తున్న విషయం. ముగింపుతో సహా కథంతా చర్చకు వస్తుంది కాబట్టి, చిత్రం చూడనివారు చూసిన తర్వాత చదవడం మేలు.

2015 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైన ఈ చిత్రానికి అక్కడ దర్శకత్వ పురస్కారం దక్కింది. 2016 ఫిబ్రవరిలో ఏ24 సంస్థ దీన్ని అమెరికా థియేటర్లలో విడుదల చేసింది. సుమారు 40 లక్షల డాలర్లతో తీసిన చిత్రం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4 కోట్ల డాలర్లు వసూలు చేసింది. విమర్శకులు మెచ్చుకున్నారు. కానీ థియేటర్ల నుంచి బయటికి వస్తున్న ప్రేక్షకుల అభిప్రాయం సేకరించే సినిమాస్కోర్ సర్వేలో దీనికి వచ్చిన గ్రేడు సి మైనస్. ప్రచార చిత్రాలు చూసి, క్షణక్షణం ఉలిక్కిపడే అనుభవం కోసం వెళ్లినవారికి మొక్కజొన్న తెగులు గురించి, బాప్తిస్మం గురించి, పోయిన వెండి కప్పు గురించి జరిగే సంభాషణలు ఎదురయ్యాయి. ఆ నిరాశలో అన్యాయమేమీ లేదు. అయితే ఈ సినిమాలోని భయమంతా సరిగ్గా ఆ సంభాషణల్లోనే ఉంది.

అడవి నేపథ్యంలో వచ్చిన భయానక చిత్రాల్లో ప్రసిద్ధమైన 1999 నాటి ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. మేరీల్యాండ్ అడవిలో దారి తప్పిన ముగ్గురు విద్యార్థులను వేటాడుతున్నది ఏమిటో అందులో చివరిదాకా కనిపించదు. పాత్రలకు ఎంత తెలుసో ప్రేక్షకుడికీ అంతే తెలుసు. ఆ తెలియనితనమే అక్కడ భయానికి ఆధారం. ఎగర్స్ చిత్రంలో ప్రేక్షకుడికి తెలిసింది పాత్రలకు తెలియదు. బిడ్డను తోడేలు ఎత్తుకుపోయిందని తండ్రి అంటున్నప్పుడు అది అబద్ధమని మనకు తెలుసు. కూతురి అజాగ్రత్త వల్లే బిడ్డ పోయాడని తల్లి కుమిలిపోతున్నప్పుడు ఆ పిల్ల తప్పేమీ లేదనీ తెలుసు. ఏమీ చేయలేని స్థితిలో, నిజం తెలిసిన ఏకైక సాక్షిగా ప్రేక్షకుడు ఆ ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. తెలుగు దయ్యం సినిమాలకు అలవాటుపడ్డవారు ద్వితీయార్ధంలో ఫ్లాష్‌బ్యాక్ కోసం ఎదురుచూస్తారు. దయ్యానికి జరిగిన అన్యాయం బయటపడాలి, పగ తీరాలి, శాంతి కలగాలి. ఈ మంత్రగత్తెకు ఫ్లాష్‌బ్యాక్ లేదు, పగ లేదు, పేరు కూడా లేదు. ఆమె వైపు నుంచి తెలుసుకోవలసింది ఏమీ మిగలకపోవడంతో చూపంతా కుటుంబం మీదికి మళ్లుతుంది.

ఆ కుటుంబం అడవి పక్కకు వచ్చిన తీరులోనే కథ బీజం ఉంది. కాలం 1630లు, స్థలం న్యూ ఇంగ్లండ్. ఆ దశాబ్దంలో సుమారు ఇరవై వేల మంది ఇంగ్లండ్ నుంచి ఆ తీరానికి వలస వచ్చారు. వారిలో ఎక్కువమంది ప్యూరిటన్లు. ఇంగ్లండ్ చర్చి సరిపడినంత శుద్ధి కాలేదని భావించి, సముద్రానికి ఆవల కొత్త దైవసమాజం కట్టుకోవాలనుకున్నవారు. చిత్రం ఒక విచారణతో మొదలవుతుంది. విలియం అనే రైతు తన వలస గ్రామపు పెద్దలకన్నా తన మతనిష్ఠే స్వచ్ఛమైనదని వాదిస్తాడు, లొంగడు, బహిష్కరణ శిక్షను దాదాపు గర్వంగా స్వీకరిస్తాడు. ఇది కల్పనే అయినా చరిత్రకు దూరమేమీ కాదు. మసాచుసెట్స్ బే కాలనీ 1635లో రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడికి బహిష్కరణ విధించింది. మర్నాటి ఏడు జనవరి మంచులో ఆయన ఊరు విడిచాడు. 1637లో ఆన్ హచిన్‌సన్‌ను విచారించి, ఆ తరువాత వెళ్లగొట్టింది. సిద్ధాంత విభేదానికి ఊరి నుంచి వెలివేయడం అక్కడ మాటవరసకు చెప్పే బెదిరింపు కాదు. గోడ లోపల ఉన్నంతవరకే ఇరుగుపొరుగు, ధాన్యం, తుపాకులు, చర్చి. గోడ దాటితే అడవే.

విలియం భార్య కేథరిన్, పెద్దకూతురు థామసిన్, కొడుకు కాలెబ్, కవలలు మెర్సీ, జోనాస్ బండి మీద వెళ్లిపోతుంటే వెనుక గ్రామద్వారం మూసుకుంటుంది. అడవి అంచున ఒక మైదానం దొరికితే, మోకాళ్లపై కూర్చుని చేతులు చాచి ప్రార్థిస్తారు. పసివాడు శామ్యూల్ ఆ కొత్త చోటికి వచ్చాక పుట్టినవాడు. చర్చి నుంచి వెలివేయబడ్డ కుటుంబంలో పుట్టాడు కాబట్టి వాడికి బాప్తిస్మం ఇచ్చేవారు లేరు. కథను ముందుకు తోసేవాటిలో మంత్రగత్తె కన్నా ఈ చిన్న వివరానిదే పెద్ద పాత్ర. బిడ్డ చనిపోయిన దుఃఖాన్ని ఆ తల్లి భరించగలిగేదేమో. బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ నరకంలో ఉన్నాడేమో అన్న భయాన్ని మాత్రం ఆమె భరించలేదు. భర్త పెద్దలతో వాదించిన రోజే ఆ నరకానికి దారి పడిందని ఆమె నోరు తెరిచి అనదు. అనకపోవడం వల్ల ఆ ఆరోపణ దారి మళ్లి కూతురి మీద పడుతుంది.

ప్యూరిటన్ల విశ్వాసంలో దేవుడు ఎవరిని రక్షిస్తాడో సృష్టికి ముందే నిర్ణయించేశాడు. మనిషి సత్కార్యాలు ఆ నిర్ణయాన్ని మార్చలేవు. తాను ఎన్నికైనవాడినో కాదో ఎవరికీ ఖాయంగా తెలియదు. అందుకే ప్రతివాడూ జీవితాంతం తన మనసులో తానే ఆనవాళ్లు వెతుక్కుంటూ ఉండాలి. చిత్రంలో అడవిలోకి వేటకు వెళ్తూ తండ్రీకొడుకులు ప్రశ్నోత్తరాలు వల్లిస్తారు. నీవు పాపిగా పుట్టావా అని తండ్రి అడుగుతాడు. పాపంలోనే గర్భస్థుడనయ్యాను, పాపంలోనే పుట్టాను అని పన్నెండేళ్ల వయసున్నట్టు కనిపించే ఆ కుర్రవాడు తడుముకోకుండా అప్పజెబుతాడు. పాఠం బాగా వచ్చింది కాబట్టే, తర్వాతి ప్రశ్న అతడే అడుగుతాడు: శామ్యూల్ కూడా పాపంలోనే పుట్టాడు కదా, మరి వాడేమయ్యాడు? ఇన్నాళ్లూ తడబడని తండ్రి ఇక్కడ తడబడతాడు. ఎవరు దేవుడి బిడ్డలో దేవుడికే తెలుసు, అంతకుమించి తాను చెప్పలేనంటాడు. నేను చనిపోతే ఎలా అని కొడుకు నిలదీసినప్పుడు ఇవ్వడానికి ఆయన దగ్గర ఓదార్పు లేదు. ఈ సన్నివేశంలో మంత్రగత్తె లేదు, రక్తం లేదు, చుట్టూ చెట్లూ ఇద్దరి అడుగుల చప్పుడూ తప్ప మరేమీ లేదు. అయినా సినిమా మొత్తంలో అతి క్రూరమైన దృశ్యం ఇదేనని చెప్పవచ్చు. పసివాడిని నూరడం కన్నా క్రూరమైనదా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడ దుర్మార్గం ఎదుట కనిపిస్తోంది. ఇక్కడ అది తండ్రి ప్రేమ నోటి నుంచే వస్తోంది.

నిదానంగా రాజుకునే భయానక చిత్రమంటే తక్కువ సంఘటనలు, ఎక్కువ మౌనం అనే అభిప్రాయం స్థిరపడింది. ఈ చిత్రంలో సంఘటనలు తక్కువేమీ కాదు. నిదానం ఉన్నది అబద్ధానికీ, అది ఫలితం ఇచ్చే క్షణానికీ మధ్యనున్న దూరంలో. ఆ అబద్ధాల్లో మొదటిది వెండి కప్పు. కేథరిన్ తండ్రి ఇచ్చిన ఆ కప్పును విలియం రహస్యంగా మారకం వేసి వేటకు ఉచ్చులు, సామగ్రి తెచ్చుకున్నాడు. ఉద్దేశం చెడ్డది కాదు. పంటకు తెగులు పట్టింది, చలికాలం వస్తోంది, పిల్లలకు తిండి కావాలి. కానీ భార్యకు చెప్పలేదు, కొడుకును చెప్పొద్దన్నాడు. భోజనాల దగ్గర కేథరిన్ కప్పు ఏమైందని థామసిన్‌ను నిలదీస్తుంది. దాన్ని కూడా తోడేలే మాయం చేసిందా అని దెప్పిపొడుస్తుంది. నిజం తెలిసిన ఇద్దరూ అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. విలియం నోట నిజం రాదు. కాలెబ్ తల వంచుకుంటాడు. కొవ్వొత్తి వెలుగులో ఆ ముఖాలు చూస్తుంటే, బిడ్డ పోయిన దుఃఖంలో ఉన్న తల్లికి ఇంకో తప్పును కూతురి ఖాతాలో వేసుకునే అవకాశం ఇచ్చింది తండ్రి మౌనమేనని అర్థమవుతుంది. చివరికి ఆయన నిజం ఒప్పుకుంటాడు, నిజమే. అప్పటికి కాలెబ్ అడవిలో తప్పిపోయాడు. పద్దు తేల్చేసరికి వడ్డీ అసలును మింగేసింది.

రెండో అబద్ధం ఆపిల్. వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లారని కేథరిన్ నిలదీస్తుంది. లోయలో ఆపిల్ చెట్టు చూసినట్టనిపించి వెళ్లామని కాలెబ్ కల్పించి చెబుతాడు. తండ్రి దాన్ని ఖండించడు. అమ్మకు ఆపిల్ పండ్లంటే ఇష్టమని పిల్లవాడు వేసిన ఎత్తు అది. అబద్ధంలోనూ ప్రేమే ఉంది. కొన్ని సన్నివేశాల తర్వాత అడవి నుంచి నగ్నంగా, జ్వరంతో తిరిగొచ్చిన కాలెబ్ మంచం మీద మెలికలు తిరుగుతూ ఉండగా, బిగుసుకుపోయిన పళ్లను పెద్దవాళ్లు బలవంతంగా విడదీస్తారు. అతడి నోటి నుంచి నెత్తుటితో తడిసిన ఆపిల్ ఒకటి బయట పడుతుంది. బైబిల్లోని ఏదెను తోట నిషిద్ధ ఫలం గుర్తుకు రావడం సహజం. విమర్శకులు ఎక్కువగా ఆ అర్థం దగ్గరే ఆగుతారు. కథలో అంతకన్నా దగ్గరి అర్థం ఒకటుంది. కాలెబ్ ఏ పండు పేరుతో అబద్ధం ఆడాడో ఆ పండే గొంతులో అడ్డుపడి తిరిగొచ్చింది. అడవిలోని శక్తి ఈ కుటుంబం మీదికి కొత్త ఆయుధమేదీ తేవడం లేదు. ఇంట్లో వాళ్లు దాచిన వాటినే తీసి వాడుతోంది.

మూడోది అబద్ధం కూడా కాదు, పరిహాసం. వాగు దగ్గర మెర్సీ అల్లరి భరించలేక, అడవి మంత్రగత్తెను నేనే, శామ్యూల్‌ను ఎత్తుకెళ్లింది నేనే అని థామసిన్ బెదిరిస్తుంది. అక్క చెల్లెలిని హడలగొట్టడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఈ ఇంట్లో మాత్రం అది తర్వాత సాక్ష్యంగా నిలుస్తుంది. చిత్రం మొదట్లో థామసిన్ ఒంటరిగా ప్రార్థిస్తూ తన పాపాలు ఒప్పుకుంటుంది: పని ఎగ్గొట్టాను, తల్లిదండ్రుల మాట వినలేదు, విశ్రాంతి దినాన చాటుగా ఆడుకున్నాను. ఆ నిజమైన ఒప్పుకోలును వినేవారు లేరు. ఆట కోసం చెప్పిన దొంగ ఒప్పుకోలును మాత్రం అందరూ నమ్ముతారు.

చరిత్రలో ఈ తలకిందులు న్యాయం అక్షరాలా జరిగింది. చిత్రకథకు దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 1692లో, అదే మసాచుసెట్స్‌లోని సేలం ప్రాంతంలో మంత్రవిద్య ఆరోపణలు చెలరేగాయి. మొదలుపెట్టింది ఒక మతబోధకుడి ఇంట్లోని ఇద్దరు బాలికలు. ఒకరికి 9 ఏళ్లు, ఇంకొకరికి 11. థామసిన్ మంత్రగత్తె అని కవలలు చేసే ఆరోపణకు ప్రాణాలే పణమయ్యే సన్నివేశం అతిశయోక్తి అనిపించేవారు ఈ వయసులను గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది 19 మందిని ఉరితీశారు; నేరం ఒప్పుకోవడానికీ కాదనడానికీ నిరాకరించిన జైల్స్ కోరీ అనే ముసలి రైతును రాళ్ల బరువు కింద నొక్కి చంపారు. మంత్రగత్తెనని అబద్ధంగా ఒప్పుకుని, ఆ మాట మీద నిలిచినవారు ఉరి తప్పించుకున్నారు. ఉరికెక్కింది నిర్దోషులమని నిలబడ్డవారే. సైతాను వశమైనవారు ప్రభువు ప్రార్థనను తప్పు లేకుండా చెప్పలేరని అప్పట్లో నమ్మేవారు. జార్జ్ బరోస్ అనే మాజీ మతబోధకుడు 1692 ఆగస్టు 19న ఉరికొయ్య దగ్గర ఆ ప్రార్థనను పొల్లుపోకుండా చెప్పాడు. జనం కదిలారు, అయినా ఉరి ఆగలేదు. చిత్రంలో కాలెబ్ మంచం పక్కన ప్రార్థన గుర్తురాక కవలలు కుప్పకూలే ఘట్టం ఈ నమ్మకం మీద నిలబడ్డదే. చేతబడి చేశారన్న అనుమానంతో ఇరుగుపొరుగే దాడులకు దిగే వార్తలు తెలుగు పత్రికలు చదివేవారికి కొత్తవి కావు. ఆ వార్తల్లోనూ ఆరోపణకు ముందు ఒక చావో, జబ్బో, ఎవరూ బయటికి చెప్పుకోని పాత తగవో ఉండటం గమనించవచ్చు.

ఈ అబద్ధాలన్నింటికీ చిత్రంలో ఒక భౌతిక రూపం ఉంది: కట్టెల గుట్ట. విలియంకు పంట పండించడం చేతకాలేదు. వేట చేతకాలేదు, కుందేలు మీద గురిపెడితే తుపాకీ తన ముఖం మీదే పేలింది. ఏది బెడిసికొట్టినా ఆయన గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పోతాడు. సినిమా సాగే కొద్దీ ఇంటి పక్క ఆ గుట్ట పెరుగుతూనే ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా చూపించే షాట్ అంటూ లేకుండానే. చివరి భాగంలో థామసిన్ తండ్రి ముఖం మీదే చెప్పేస్తుంది: నీకు కట్టెలు కొట్టడం తప్ప ఏదీ రాదు. నిజం బయటికి అన్నందుకు ఆమెను కవలలతో పాటు మేకల కొట్టంలో పెట్టి పలకలు బిగిస్తాడు. ఆ రాత్రి కట్టెల దగ్గరే ఒంటరిగా మోకరిల్లి, తన గర్వమే ఇంత చేసిందని దేవుడికి మొరపెట్టుకుంటాడు. మొదటి సన్నివేశంలో పెద్దల ముందు ఈ మాట అని ఉంటే కథే లేదు. మర్నాడు నల్ల మేకపోతు కుమ్మినప్పుడు ఆయన మీద కూలేది ఆ గుట్టే. భయానక చిత్రాల్లో ఇంత ఓపికగా పేర్చిన చావు అరుదు.

రూపకల్పన విషయానికొస్తే, ఎగర్స్ నాటకరంగంలో రంగాలంకరణ, దుస్తుల రూపకల్పన చేసి వచ్చినవాడు. న్యూ హ్యాంప్‌షైర్‌లో పెరిగినవాడు. చిత్రీకరణ జరిగింది మాత్రం కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, కియోస్క్ అనే మారుమూల చోట. సంభాషణల్లో చాలా భాగం ఆ కాలపు దినచర్యలు, కోర్టు పత్రాల నుంచి తీసుకున్నదని చివరన తెరమీద ప్రకటిస్తారు. ఛాయాగ్రాహకుడు జారిన్ బ్లాష్కే పగటి దృశ్యాలను మబ్బు పట్టిన వెలుగులో, రాత్రి దృశ్యాలను కొవ్వొత్తుల కాంతిలో తీశాడు. తెర కొలత 1.66:1. ఇప్పటి వెడల్పాటి తెరకన్నా ఇది ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. దానివల్ల బయట చెట్ల ముందు మనుషులు మరుగుజ్జులవుతారు, ఇంట్లో పైకప్పు తల మీదికి దిగినట్టుంటుంది. అడవికీ ఇంటికీ మధ్య ఒక చిన్న మైదానమే ఉంది. శామ్యూల్ మాయమైన క్షణంలో ఈ దూరాన్ని ఎంత తెలివిగా వాడారో చూడవలసిందే. ముఖం చేతులతో కప్పుకుని ఒక్కసారిగా తెరిచి థామసిన్ బిడ్డను నవ్విస్తూ ఉంటుంది. ఒకసారి, మళ్లీ ఒకసారి, బిడ్డ నవ్వుతాడు. ఇంకోసారి తెరిచేసరికి దుప్పటి ఖాళీగా ఉంది. తర్వాతి షాట్‌లో అడవి అంచున పొదలు కదులుతున్నాయా లేదా అన్నట్టు కదులుతుంటాయి. అంత దూరం అంత తక్కువ వ్యవధిలో దాటడం మనిషికి సాధ్యం కాదని కన్ను ముందు లెక్క కడుతుంది, బుద్ధి తర్వాత అందుకుంటుంది.

మార్క్ కోర్వెన్ సంగీతంలో ఎలక్ట్రానిక్ ధ్వనులకు తావివ్వలేదు. స్వీడన్ జానపద వాద్యం నికెల్‌హార్పా తీగల గీర, వాటర్‌ఫోన్ అనే లోహ వాద్యం కీచు, గాయకబృందం అర్థం లేకుండా ఎత్తే గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. జంతువుల సంగతి వేరే చెప్పాలి. కుందేలు రూపంలో మంత్రగత్తెలు తిరుగుతారన్నది ఐరోపా జానపద నమ్మకం. చిత్రంలో కుందేలు ఏమీ చేయదు, నిశ్చలంగా చూస్తుంది, అంతే. కుటుంబపు నల్ల మేకపోతు బ్లాక్ ఫిలిప్ పాత్ర పోషించిన జంతువు అసలు పేరు చార్లీ. చెప్పినమాట వినని ఆ జంతువుతో చిత్రబృందం నానా తిప్పలూ పడింది. తెర మీద దాని మొండితనం నటన కాకపోవడం వల్లే, చివరలో అది మాట్లాడుతుందన్న సంగతి తెలిసి రెండోసారి చూసేవారికి కూడా అది మామూలు మేకలాగే కనిపిస్తుంది.

కథనంతటినీ మానసిక భ్రమగా వివరించే ప్రయత్నాలు కూడా ఉన్నాయి. పొలంలో కుళ్లిన మొక్కజొన్న పొత్తులను ఆధారంగా చూపి, ఎర్గట్ అనే శిలీంధ్రం సోకిన ధాన్యం తిని కుటుంబం భ్రాంతులకు లోనైందంటారు. ఈ వాదానికి మూలం లిండా కాపొరేల్ అనే పరిశోధకురాలు 1976లో ‘సైన్స్’ పత్రికలో సేలం ఘటనల గురించి ప్రతిపాదించిన సిద్ధాంతం. అదే ఏడాది అదే పత్రికలో దానికి గట్టి ఖండన కూడా వచ్చింది. పైగా సేలం వాదంలోని ఎర్గట్ ప్రధానంగా రై ధాన్యానికి పట్టే తెగులు, మొక్కజొన్నకు కాదు. అసలు అభ్యంతరం వేరే ఉంది. శామ్యూల్ గుడిసె దృశ్యం కుటుంబంలో ఎవరి కళ్ల ద్వారానూ రాలేదు. అది భ్రమ అయితే ఎవరి భ్రమ? మంత్రగత్తె నిజం కాదంటే ఈ కుటుంబం మూఢనమ్మకంతో నాశనమైందనే తేలికైన నిర్ధారణకు వస్తాం, వాళ్లకన్నా మనం తెలివైనవాళ్లమని ఊరట పొందుతాం. వాళ్ల నమ్మకం నిజమయ్యాక కూడా అది వాళ్లను కాపాడలేకపోవడమే చిత్రం చూపించే మానసిక భయం. శత్రువు గురించి వాళ్లు అనుకున్నది సరైనదే. శత్రువు ఎవరిలో ఉందో వెతికిన చోటే తప్పు.

అడవి విషయంలో చిత్రాన్ని తప్పుపట్టడానికి కూడా చోటుంది. ప్లిమత్ వలసకు నాయకత్వం వహించిన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఆ నేలను అడవి మృగాలతో, అడవి మనుషులతో నిండిన భయంకరమైన నిర్జన ప్రదేశంగా వర్ణించాడు. కాటన్ మేథర్ అనే ప్యూరిటన్ మతబోధకుడు 1693లో ప్రచురించిన గ్రంథంలో, ఒకప్పుడు సైతానువైన భూభాగాల్లో దేవుడి ప్రజలు స్థిరపడ్డారని రాశాడు. నిజానికి 1616 నుంచి 1619 దాకా తీరప్రాంతాన్ని తుడిచిపెట్టిన మహమ్మారిలో అక్కడి స్థానిక తెగల ప్రజలు పెద్ద సంఖ్యలో చనిపోయారు. ప్లిమత్ ఊరు వెలసింది అలా ఖాళీ అయిన పటుక్సెట్ అనే గ్రామం ఉన్న చోటనే. విలియం పొలంలో తెగులు పట్టిన మొక్కజొన్న కూడా ఆ జనం దగ్గర వలసవారు నేర్చుకున్న పంటే. చిత్రంలో స్థానికులు గ్రామద్వారం దగ్గర క్షణకాలం కనిపించి మాయమవుతారు. ఆ తర్వాత అడవి పూర్తిగా నిర్మానుష్యం, అందులో మంత్రగత్తె ఒక్కతే. ప్యూరిటన్ల కళ్లతోనే లోకాన్ని చూపించాలన్న నియమానికి దర్శకుడు కట్టుబడ్డాడని సమర్థించవచ్చు. కానీ ఆ కాలంలో వలసవారి నిద్ర చెడగొట్టిన భయాల్లో మంత్రగత్తెకన్నా ముందుండేది ఈ జనంతో యుద్ధం. 1636లో మొదలైన పీక్వట్ యుద్ధమే అందుకు సాక్ష్యం. చిన్నచిన్న వస్తువుల దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న చిత్రం ఇంత పెద్ద వాస్తవాన్ని అంచుకు నెట్టడం గమనించదగ్గ లోటు.

ఇక ముగింపు. అందరూ చనిపోయి థామసిన్ ఒక్కతే మిగిలినప్పుడు మేకపోతుతో మాట్లాడుతుంది, అది జవాబిస్తుంది. వెన్న రుచి కావాలా, అందమైన గౌను కావాలా, లోకం చూడాలనుందా అని అడుగుతుంది. సైతాను ఇవ్వజూపిన వాటిలో వెన్న మొదటిది కావడం గొప్ప ఎంపిక. ఇంగ్లండ్‌లోని ఇంటికి ఉన్న గాజు కిటికీని థామసిన్ అంతకుముందే తమ్ముడి దగ్గర తలచుకుంది. తల్లిదండ్రులు ఆమెను వేరే ఇంటికి పనిపిల్లగా పంపేయాలని రాత్రిపూట గుసగుసలాడటం ఆమె విన్నది. ఆమెకు కావలసింది ఏమిటని ఈ సినిమా మొత్తంలో అడిగింది ఆ మేక ఒక్కటే. అందుకే చాలామంది ఈ ముగింపును విముక్తిగా చదివారు. నగ్నంగా అడవిలోకి నడిచి, మంట చుట్టూ ఉన్న మంత్రగత్తెలతో కలిసి నవ్వుతూ గాలిలోకి లేచే, థామసిన్‌గా నటించిన అన్యా టేలర్-జాయ్ ముఖం ఆ వ్యాఖ్యానానికి బలమిస్తుంది కూడా.

అయితే సంతకం చేసే క్షణాన్ని ఆ వ్యాఖ్యానం దాటవేస్తుంది. తన ముందు తెరిచిన పుస్తకంలో పేరు రాయమన్నప్పుడు, నాకు పేరు రాయడం రాదని థామసిన్ అంటుంది. నీ చేయి నేను పట్టి రాయిస్తానని జవాబు వస్తుంది. తల్లి నిందకు, తండ్రి మౌనానికి, కవలల ఆరోపణకు లొంగుతూ వచ్చిన పిల్ల జీవితంలో మొదటిసారి సొంతంగా తీసుకున్న నిర్ణయానికి కూడా చేయి ఇంకొకరిదే. ఆ ఇంట్లో ఆమెకు దక్కనిది, ఆమె మాటను ఆమె మాటగా విని నమ్మేవారు. అడవిలో కూడా ఆమెకు అది దొరికిందనడానికి చిత్రం ఏ ఆధారమూ ఇవ్వదు. వెన్న గురించి, గౌను గురించి మాట మాత్రం ఇచ్చింది.